ఆటో మైకులో మిగిలిపోయిన గొంతు

మొన్న మధ్యాహ్నం మా వీధిలోకి మళ్ళీ ఆ ఆటో వచ్చింది. పైన రెండు మైకులు, వెనక గుడ్డ బ్యానరు. "మనసుకూ జబ్బు వస్తుంది, దాచుకోకండి" అని ముందు ఒక మగ గొంతు చెబుతుంది. తర్వాత ఆమె గొంతు వస్తుంది. "నాకు మనసు జబ్బు వచ్చింది. మందులు వాడాను. ఇప్పుడు బాగున్నాను." మూడే ముక్కలు. కాస్త సంగీతం, మళ్ళీ అవే ముక్కలు. ఆటో మా సందులన్నీ తిరిగి, చేపలు ఎండబెట్టే జాగా దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. అంతసేపూ ఆమె మా వీధిలోనే ఉన్నట్టు ఉంది. మనిషి వీధి వదిలి వెళ్ళిపోయి చాలా కాలమైంది.

ఆ గొంతు ఆమెది కాదంటాను నేను. ఆమె అంత మెత్తగా ఎన్నడూ మాట్లాడలేదు.

ఆమె పేరు రాయను. ఇప్పుడు ఉన్న ఊరి పేరు కూడా రాయను. మా వీధిలో ఎవరైనా ఇది చదువుతారేమోనన్న భయం నాకు లేదు. అక్కడ చదివేవాళ్ళు తక్కువ, చదివినా నేను రాశానంటే నమ్మరు. మోకాళ్ళు అరిగి గంప దించేశాక అక్షరాలు దిద్దిన దాన్ని. వంకర్లు తిప్పి రాయడం నాకు రాదు.

మేం చేపలమ్ముకునేవాళ్ళం. హార్బర్‌లో బోట్లు ఒడ్డుకు వచ్చాక చేపల్ని కుప్పలు పోసి పాట పెడతారు. పాట అంటే వేలం. ఒక కుప్ప మొత్తాన్ని ఒక్క ఆడమనిషి కొనలేదు. అందుకని కొందరం జట్టుగా చేరి, ఒకరు పాడితే, వచ్చిన సరుకు అందరం పంచుకుంటాం. జట్టులో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళే పాడాలి. పెద్ద గొంతు ఉన్న జట్టుకి మంచి చేప, మెత్తని గొంతు ఉన్న జట్టుకి మిగిలిన చేప. పాట నడిపే పాటగాడికి చెవుడేం ఉండదు. వినబడనట్టు నిలబడటమే వాడి పని.

మా జట్టుకి ఆమె పాడేది. పాడేటప్పుడు ఎడమ అరచెయ్యి చెవికి అడ్డం పెట్టుకునేది, తన అరుపు తనకే తగలకుండా. కుడి చేత్తో గంప అంచు మీద కొట్టేది. "ఓరి సచ్చినోడా, నా పాట ఇనబల్లేదా? సెవిలో నెత్తల్లు కూరుకున్నావేటి?" అనేది. పాటగాడికి నవ్వొచ్చేది. నవ్వాడంటే కుప్ప మాదే.

వీధుల్లో అమ్మేటప్పుడు ఇంకో తీరు. బేరమాడే ఇల్లాలు ఈమె మొహంలోకి చూసి నిజం చెబుతోందా లేదా అని వెతుకుతుంటే, చేప తల ఎత్తి చూపించి, "సేప కన్ను సూడమ్మా, నా కన్నుతో నీకేటి పని?" అనేది. తూకం వేశాక పైన గుప్పెడు నెత్తళ్ళు పడేసి, "ఇవి నీకు కాదు, మీ పిల్లికి" అనేది. పిల్లి లేని ఇంటికీ అదే మాట.

కోపం వస్తే పెద్దా చిన్నా చూసేది కాదు. ఒకసారి పంపకంలో నేను పెద్ద చేప నా వైపుకి జరుపుకున్నానని హార్బరంతా వినేలా తిట్టింది. నేను జరుపుకున్న మాట నిజమే. మర్నాడు నా గంప తనే ఎత్తి నా తలమీద పెట్టింది. తిట్టు తిట్టే, సాయం సాయమే. దాని గురించి ఇద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

జబ్బు ఎందుకు వచ్చిందని నన్ను అడగకండి. మలేరియా వస్తే దోమ కుట్టిందని ఊరుకుంటారు. మనసుకి వస్తే మాత్రం అందరికీ ఒక కథ కావాలి. మొగుడు వదిలేశాడని పిచ్చెక్కింది అన్నారు. జబ్బు వచ్చాకే వాడు వదిలేశాడు, నేను కళ్ళారా చూశాను. నిద్ర పోయింది, తిండి పోయింది. పాడి గెలిచిన సరుకంతా దారిన పోయేవాళ్ళకి పంచిపెట్టింది. పెళ్ళివాళ్ళు చెప్పి పెట్టుకున్న పెద్ద కోనాం చేపను తీసుకెళ్ళి సముద్రంలో వదిలి, "ఈత మర్సిపోనాది సిన్నమ్మా, నేర్పుతన్నాను" అని నాతో అంది. చచ్చిన చేప అలల మీద అటూ ఇటూ కొట్టుకుంటుంటే చప్పట్లు కొట్టింది. ఆమె తమ్ముడు తన ఇంటికి తీసుకెళ్ళి గదిలో పెట్టి తాళం వేశాడు. తాయెత్తులు కట్టారు, వేపమండలతో కొట్టారు. ఆ చారలు భుజాల మీద చాలాకాలం ఉన్నాయి.

అప్పుడే ఈ ఆటో ప్రచారంవాళ్ళు వచ్చారు. వాళ్ళను నేను తిట్టను. గాజువాక నుంచి ఒక అమ్మాయి వచ్చేది, భుజాన సంచీ, ఎండకు కందిపోయిన మొహం. వీధి మలుపులో నాటకాలు వేయించింది, ఇల్లిల్లూ తిరిగింది. మావాళ్ళు మొహం మీదే తలుపులేసుకున్నా మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ గది తాళం తీయించింది ఆ అమ్మాయే. ఆసుపత్రికి తీసుకెళ్ళింది, మందులు ఇప్పించింది. మందులు పనిచేశాయి. ఒకరోజు పొద్దున్నే ఆమె మా గుమ్మంలో వచ్చి కూచుని, "సిన్నమ్మా, ఆకలేత్తంది. ఏటుంది?" అంది. చద్దన్నంలో ఉల్లిపాయ వేసి ఇచ్చాను. పళ్ళెం నాకి పెట్టింది. ఆ పూట నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

బాగయ్యాక మొదలైంది అసలు జైలు.

ఆ అమ్మాయి ఆమెను మీటింగులకు తీసుకెళ్ళేది. గాజువాకలో, దువ్వాడ కాలేజీల్లో, స్టీలు ప్లాంటు పనివాళ్ళ కాలనీల్లో. స్టేజీ మీద నిలబడితే ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. గంప పట్టుకునే చేతులు. ఖాళీగా ఉంటే కొంగుని మెలిపెట్టేవి. మొదట్లో ఇష్టంగానే వెళ్ళింది. "నాను సెప్తే ఎక్కడో ఒక తాళమైనా ఊడుద్ది కదా సిన్నమ్మా" అనేది. ఊడాయి కూడా. జబ్బున్న పిల్లల్ని దాచుకున్న తల్లులు ఆమెను చూసి బయటికి తెచ్చారు. మా వీధి గోడమీద ఆమె ఫొటో అంటించారు. ఫొటో తీసినవాడు పళ్ళు కనపడకుండా నవ్వమన్నాడట. ఆమెకు అలా నవ్వడం రాదు. ఆ ఫొటోలో పుల్లటిదేదో తిన్నట్టు ఉండేది.

స్టేజీ మీద చెప్పే ఆ మూడు ముక్కల్లో మూడోది ఆమె మెడకు చుట్టుకుంది. ఇప్పుడు బాగున్నానని ఊరందరి ముందూ చెప్పిన మనిషి రోజూ బాగుండాలి. మనలాగ కొన్నాళ్ళు బాగుండి, కొన్నాళ్ళు బాగుండకపోవడం కుదరదు.

పైగా ప్రచారంవాళ్ళు జబ్బు గుర్తులు నేర్పారు. నిద్ర తగ్గడం, గట్టిగా మాట్లాడటం, ఉన్నట్టుండి కోపం, తనలో తాను మాట్లాడుకోవడం. మా ఆడవాళ్ళు వాటిని పిల్లలు ఎక్కాలు పట్టినట్టు కంఠతా పట్టారు. తెల్లారకముందే లేచి, పొద్దెక్కేదాకా అరిచి, నడుస్తూ తమలో తాము లెక్కలు చెప్పుకునే మనుషులు వీళ్ళంతా. ఆ గుర్తుల ప్రకారం హార్బర్ మొత్తానికి ఆసుపత్రిలో మంచాలు వేయించాలి. కానీ ఎవరూ తమవైపు చూసుకోలేదు. ఆమెనే చూశారు. చెడ్డ బుద్ధితో చూస్తే ఆమె తిట్టి ఊరుకునేది. ప్రేమతో చూశారు. ప్రేమతో చూసేవాళ్ళని ఎలా తిడుతుంది?

తమ్ముడింట్లోనే ఉండేది. మరదలు మంచిది. ఒకనాడు టీవీలో ఏదో సినిమా వస్తుంటే ఆమె పడీ పడీ నవ్వింది. నేను పక్కనే ఉన్నాను. మరదలు వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"వదినా, మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్నానే. నవ్వొచ్చింది, నవ్వినాను."

"ఇంతసేపేటి మరి?"

"ఎంతసేపు నవ్వాలో ఆ సినిమావోణ్ణడిగి సెప్పు, ఆపేత్తాను."

మరదలు నవ్వలేదు. వెళ్ళి మాత్రల అట్ట చూసి వచ్చింది. ఆమె టీవీ కట్టేసింది. నాతో మెల్లగా అంది: "సూసినావా సిన్నమ్మా? నవ్వితే జబ్బు. ఏడిత్తే జబ్బు. ఊరకుంటే అది ఇంకా పెద్ద జబ్బు. ఏటి సేసి సావను నాను?"

జట్టులోనూ అంతే. పాట దగ్గరికి వచ్చేది, కానీ పాడనిచ్చేవాళ్ళు కాదు. "నువ్వు కూకో తల్లీ, అరిత్తే నీకు మంచిది కాదు" అని బోర్లించిన గంప మీద కూచోబెట్టేవాళ్ళు. పీల గొంతున్న మరొకామె పాడేది. మాకు చితికిన కవళ్ళ చేపలు, వాడిన సరుకూ వచ్చేవి. అవి మోసుకుని వీధుల్లో తిరిగి తిట్లు తినేవాళ్ళమే గానీ ఆమెని మాత్రం లేపేవాళ్ళం కాదు. నేను ఒకటి రెండుసార్లు అన్నాను, "దాన్ని పాడనియ్యండే, దానికేటి?" అని. "నీకేటి సిన్నమ్మా, రేపు దానికేటన్నా అయితే ఎవులు సూత్తారు?" అన్నారు. ఆమె కూచుని, పెదాలు కదుపుతూ, లోపల్లోపలే పాడుకునేది. అది కూడా ఎవరో చూశారు. తనలో తాను మాట్లాడుకుంటోంది అన్నారు.

ఒక రోజు మంచి చందువల కుప్ప పడింది. పళ్ళెమంత, నిగనిగలాడుతున్న చేపలు. మా పాటే పైన ఉంది. పాటగాడు మా పీల గొంతు వినబడనట్టు నటించి, తన బావమరిది జట్టుకి పాట కొట్టేశాడు. రోజూ జరిగే మోసమే. గంప మీదినుంచి ఆమె ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. ఎడమ చెయ్యి చెవికి వెళ్ళింది.

"ఓరి సచ్చినోడా! మా పాట పైనుంటే ఎవులికి కొట్టినావురా? నీ బావమరిది నోరైనా తెరిసినాడా? తియ్యి, మల్లీ పాట పెట్టు!"

హా, ఆ గొంతు! చాలా కాలానికి విన్నాను. పాటగాడి మొహంలో దొరికిపోయిన దొంగ కళ కనిపించింది. మరో ఆడమనిషి అరిచి ఉంటే వాడు తిరిగి అరిచేవాడు, లేదంటే నవ్వేసి మళ్ళీ పాట పెట్టేవాడు. ఈమెను చూసి గొంతు తగ్గించాడు. జాలిగా పెట్టాడు మొహం.

"అమ్మా, నీకు ఒంట్లో బాగోనట్టుంది. కూకో."

"నా ఒంటికేటిరా? పాట సంగతి సెప్పు!"

"ఎవులన్నా ఈవిణ్ణి ఇంటికి తీసుకెల్లండి. మాత్ర ఏసుకోనేదు గావాల."

అంతటితో చందువల మాట ఎగిరిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమె కళ్ళలోకి చూశారు. మా జట్టువాళ్ళే చేతులు పట్టుకున్నారు. విదిలించుకుంది. విదిలించుకోవడంతో అందరికీ నమ్మకం కుదిరింది.

"నన్నొగ్గండే! పిచ్చి కాదు, కోపం! కోపమే! మీకు రాదేటి కోపం?"

ఆటో ఎక్కించారు. ఒక్కదాన్నే పంపలేక మా జట్టామె ఒకతె, నేను వెంట ఎక్కాం. ఆటో కదిలేసరికి బావమరిది జట్టు చందువల్ని గంపల్లోకి ఎత్తుకుంటోంది. ఆమె మెడ తిప్పి కనబడినంత మేరా అటే చూసింది. తర్వాత ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఫొటోలో ఉన్నట్టు కూచుంది.

ఆసుపత్రిలో డాక్టరు ఆమెతో తీరిగ్గా మాట్లాడాడు. "ఈవిడకి ఏమీ తిరగబెట్టలేదు. కోపం వచ్చింది, అంతే. దానికి నేను మందివ్వను, తీసుకెళ్ళండి" అన్నాడు. బయటికి వచ్చాక మా జట్టామె నా చెవిలో, "డాక్టరు ముందు ఎంత బాగా కూకుందో సూడు. తెలివైంది" అంది. "ఓలే, అంత తెలివుంటే ఇంకా జబ్బేటే?" అన్నాను. వినిపించుకోలేదు.

తర్వాత గాజువాక అమ్మాయి వచ్చింది, మళ్ళీ మీటింగుందని.

"నానింక రాను తల్లీ. సేపలమ్ముకుంటాను, నన్నొగ్గెయ్."

"మీరిప్పుడు మానేస్తే జబ్బు తిరగబెట్టిందనే అనుకుంటారక్కా. హార్బర్‌లో జరిగింది అందరికీ తెలిసిపోయింది. మందులు పనిచెయ్యవని మళ్ళీ తాళాలేస్తారు. మిమ్మల్ని చూసే కదా ఇంతమంది వచ్చారు."

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. అందుకే ఆమె మీటింగుకు వెళ్ళింది. ఆ ఆటోలో వినిపించే ముక్కలు ఆ రోజు రికార్డు చేసినవే. ఇంకొంచెం మెల్లగా, ఇంకొంచెం నవ్వుతున్నట్టు చెప్పండి అని చాలాసార్లు చెప్పించారట. "నా గొంతు పీక నొక్కి తీసుకున్నార్లే సిన్నమ్మా" అంది వచ్చాక.

కొన్నాళ్ళకు మనిషి కనపడలేదు. తమ్ముణ్ణి అడిగితే "పనికెల్లింది" అని తల తిప్పుకున్నాడు. మా వీధి తనకు తోచిన కథలు కట్టుకుంది. వాటిలో ఒకటి సముద్రం. నేను దాన్ని నమ్మలేదు గానీ, కొన్నిసార్లు అలల వైపు చూడకుండా నడిచాను.

ఈమధ్య చుట్టాలింట్లో బారసాలకి ఒక ఊరు వెళ్ళాను. బస్సు దిగి చేపల బజారు పక్కనుంచి నడుస్తున్నాను. గంప అంచు మీద చెయ్యి పడిన చప్పుడు, వెనకే అరుపు. ఎవరో కొనేవాణ్ణి తగులుకుని చీల్చేస్తోంది. టార్పాలిన్ కింద ఆమె. ఒళ్ళు చేసింది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"కవల్లెలగ?" అని బేరం అడిగాను.

తలెత్తింది. గుర్తుపట్టింది. చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఆ కళ్ళలో అంత భయం జబ్బు రోజుల్లో కూడా లేదు. నేను పేరు పెట్టి పిలవలేదు. అది అర్థమయ్యాక ఊపిరి వదిలింది.

"ఏటమ్మా అలగ సూత్తన్నావు? కొంటావా, దిష్టెడతావా?"

"ఇంత రేటా? నీ సేపలు బంగారం మింగినాయేటే?"

"బంగారం నేదు గానీ, నీలాటి పిసినారుల్ని సాలామందిని మింగినాయి!"

ఇద్దరం కడుపారా తిట్టుకున్నాం. పక్క గంపామె పకపకా నవ్వి, "దీని నోటికి ఈ ఊరంతా జడుత్తాదమ్మా, కొనీసి ఎల్లిపో" అంది. గొప్పగా చెప్పుకుంటున్నట్టే అంది.

గంప ఖాళీ అయ్యాక ఐసు షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి నా చెయ్యి పట్టుకుంది. "సిన్నమ్మా, ఇక్కడ నాను గయ్యాలిని. పిచ్చిదాన్ని కాదు. నా అరుపు అరుపే. నన్నిలగే ఒగ్గెయ్."

"మాత్రలు మానేసినావేటే?"

"మానితే ఏటవుద్దో నాకు తెల్దా? ఉప్పు డబ్బా అడుగున దాసి ఏసుకుంటన్నాను. అద్దె ఇంటామె సూసిందంటే సాలు, రేపట్నుంచి నా కోపం కోపం కాదు."

ఆ ఊరి మందుల కొట్టువాడు ఆమె దగ్గరే చేపలు కొంటాడు. అందుకని మొహానికి గుడ్డ కట్టుకుని విశాఖ ఆసుపత్రికి వచ్చి తెచ్చుకునేదట. కిందటిసారి మందుల లైనులో గాజువాక అమ్మాయిని చూసి, మాత్రలు తీసుకోకుండానే తిరుగు బస్సెక్కేసింది. అట్ట అయిపోవచ్చింది. మాత్ర లేకపోతే మళ్ళీ ఆ గది, ఆ తాళం. మాత్ర కోసం వస్తే మళ్ళీ ఆ స్టేజీ.

"ఆ ఆటో ఇటేపు వత్తాదా సిన్నమ్మా?" అని అడిగింది.

తెలీదన్నాను. ఆసుపత్రి చీటీ నాకిమ్మన్నాను.

విశాఖ ఆసుపత్రి మందుల లైనులో నిలబడ్డాను. పక్క కిటికీ లైనులో మా వీధి ఆడమనిషి ఒకామె ఉంది, కాలినొప్పి మందుకు వచ్చింది. నా వంతు దగ్గరపడుతుండగా గాజువాక అమ్మాయి ఎదురైంది. నన్ను చూసి సంబరపడింది. "మామ్మగారూ, అక్క ఎక్కడుందో మీకేమైనా తెలుసా? ఎంత వెతుకుతున్నామో!" అంది. అప్పుడు నేను ఏ కిటికీ ముందు నిలబడ్డానో చూసింది.

"ఇది మనసు మందుల కౌంటరు కదండీ. ఎవరికి?"

ఎవరి పేరు చెప్పినా ఆ అమ్మాయి ఆ ఇంటికి వెళుతుంది. మంచి పిల్ల, వెళ్ళకుండా ఉండదు.

"నాకే" అన్నాను.

పక్క లైనులో మా వీధామె ఒక అడుగు దూరం జరిగింది. ఆ అమ్మాయి మాత్రం నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. "మీలాంటి పెద్దవాళ్ళు చెబితే ఎంత ధైర్యమో! ఆదివారం మీ వీధిలోనే మీటింగు. రెండు మాటలు మాట్లాడతారా?" రాననడానికి ఏ సాకు చెప్పినా అది ఇంకో ప్రశ్నకు దారి తీసేలా ఉంది. సరేనన్నాను. మాత్రలు ఆమెకు చేర్చాను. ఇప్పటికీ చేరుస్తున్నాను.

ఆదివారం మైకు నా చేతికిచ్చారు. మా జట్టువాళ్ళున్నారు, పాటగాడున్నాడు, ఆమె మరదలుంది. ఆ అమ్మాయి నాకు నేర్పిన మాటలు వదిలేశాను.

"జబ్బొత్తే ఆసుపత్రికెల్లండి. అది నిజిం. దాసుకోకండి. కానీ కోపమొచ్చిన మడిసిని ఆటో ఎక్కించి మోసుకుపోకండి. పాటలో మోసం సేత్తే మోసమని అరవనియ్యండి. నవ్వితే మాత్రలట్ట ఎతకకండి. అరిసినోల్లందరికీ జబ్బయితే, ఒరే పాటగాడా, నీకేటిరా మరి?"

ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అన్నాను. పాటగాడు తల దించుకుంటాడనుకున్నాను. దించుకోలేదు. జాలిగా చూశాడు. మా జట్టువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరదలు కొంగుతో కళ్ళొత్తుకుంది. "పాపం, సిన్నమ్మకి కూడా" అని ఎవరో అన్నారు.

గాజువాక అమ్మాయి వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది. చాలా మెత్తగా తీసుకుంది. నన్ను కుర్చీలో కూచోబెట్టి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నోటి దగ్గర పెట్టింది. నాకు దాహం లేదు. వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయి చుట్టూ చూశాను. అందరూ నా చేతికేసే చూస్తున్నారు.

తాగాను.